మా అక్క ఎవరికీ చెప్పని గుర్తు

మా అక్క ఓటును ఆమె మనవడు వేసేశాడు. ఆమెను చెయ్యి పట్టుకుని పోలింగు గదిలోకి తీసుకుపోయి, ఆమె వేలినే పట్టుకుని, తనకు కావలసిన గుర్తు పక్కనున్న మీట మీద పెట్టి నొక్కేశాడు. పెట్టె కుయ్యిమంది. అయిపోయింది. కళ్ళు కనిపించని ముసలామెకు తోడుగా పోయినవాడు చేసిన పని ఇది. గదిలో ఉద్యోగస్థులు ఉన్నారు, పార్టీల ఏజెంట్లు ఉన్నారు, అందరి ముందూ జరిగింది. ఇది తప్పు అని నేను అరిస్తే, గొడవ చేస్తున్నది నేనే అన్నట్టు చూశారు.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. చిన్నప్పుడే బడి మానేసి మా నాన్న మండిలో తక్కెడ పక్కన నిలబడ్డాను. ఆ తరవాత చదివిందంతా నాకు నేనే చదువుకున్నది. అందుకని ఇందులో చట్టం మాటలు తక్కువ, కోపం మాటలు ఎక్కువ ఉంటాయి. ఆ కోపం కూడా ఇప్పుడు పాతబడింది. ఈ వారం మళ్ళీ మా వీధిలోకి ఆటో వచ్చింది, నెత్తిన లౌడుస్పీకర్లు కట్టుకుని. ముందు తమిళంలో, వీధి మలుపు తిరిగి తెలుగువాళ్ళ ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి తెలుగులో. ఎన్నికలు లేనప్పుడు ఆ తెలుగు ఎక్కడికి పోతుందో తెలియదు. అక్క ఉండి ఉంటే తిన్నె మీద కూర్చుని ఆ మాటలకు వంకలు పెట్టేది. ఆమె పోయింది. చెప్పవలసినవాళ్ళందరికీ చెప్పి అలిసిపోయాను గనుక కాగితం మీద పెడుతున్నాను.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. నన్ను కన్నాక మా అమ్మ చాలాకాలం మంచం దిగలేదు. నన్ను సాకింది అక్కే. హోసూరులో మాది చింతపండు మండి. ఎండలు ముదరగానే జవళగిరి వైపు నుంచి బండ్లు వచ్చేవి. మూటలు విప్పి ముంగిట్లో రాశి పోస్తే, ఆడవాళ్ళు ఈతచాపల మీద వరుసగా కూర్చుని కట్టెలతో కాయలు కొట్టి, పెంకులు ఊది, ఈనెలు లాగి, పిక్కలు తీసేవాళ్ళు. కొత్త చింతపండు వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అందదు. పులుపూ తీపీ, తడిసిన గోనె, ఆడవాళ్ళ తల నూనె, అన్నీ కలిసి ఉంటుంది. మా ఇంట్లో గోడలకూ అదే వాసన, దుప్పట్లకూ అదే. నేల మీద నడిస్తే పాదం అంటుకుని టప్పున ఊడేది.

పిల్లలకు ఆ కాలమంతా పండగే. పిక్కలు పొయ్యి బూడిదలో వేయించి, తోలు తీసి ఉప్పునీళ్ళలో నానేసి, పొద్దస్తమానం బుగ్గన పెట్టుకుని తిరిగేవాళ్ళం. అక్క రోట్లో చింతపండు, బెల్లం, ఎండుమిరప, జీలకర్ర, ఉప్పు వేసి దంచి పుల్లలకు గుచ్చి ఇచ్చేది. నాకి నాకి నాలుక పొక్కిపోయి, మధ్యాహ్నం రాగిముద్దలోకి ఉలవచారు పోస్తే మంటెత్తి ఏడ్చేవాణ్ణి. ఏడుస్తూనే తినేవాణ్ణి.

నాకు అక్షరాలు వచ్చింది బడిలో కాదు, మండిలోనే. చిల్లర బేరానికి పొట్లాలు కట్టడానికని పాత పత్రికలు కట్టలుగా కొనేవారు. అక్కను పెద్దమనిషి కాగానే తెలుగు బడి మానిపించారు. చదువు మీద ఆశ చావక ఆ కాగితాలన్నీ చదివేది. పనివాళ్ళకు వినిపించేది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెద్దక్షరాల మీద నా వేలు పెట్టి దిద్దించేది. మాకు వార్తలు నెలకో రెండు నెలలకో వచ్చేవి, అవీ చిరిగి వచ్చేవి. చిరిగిపోయిన సగాన్ని అక్క తనే కట్టి చెప్పేది. మంత్రులు ఏమన్నారో, వాళ్ళ పెళ్ళాలు దానికి ఇంట్లో ఏమన్నారో కూడా చెప్పేది. పెద్దయ్యాక ఆ సంగతులు పుస్తకాల్లో సరిగ్గా చదివాను. అక్క కట్టినవే బాగున్నాయి.

అక్కను మా మేనమామకే ఇచ్చారు. ఆయన మండిలో నాన్నకు కుడిభుజం, ఇల్లు మా ఎదురుగానే. మంచివాడే, కాని ఆ ఇంట్లో అక్కను అడిగి చేసిన పని ఒక్కటి నాకు గుర్తులేదు. ఆమె కాసులపేరు అమ్మి లారీ కొన్నాడు. సంగతి ఆమెకు లారీ వచ్చి ఇంటిముందు ఆగినప్పుడు తెలిసింది. కూతుళ్ళకు సంబంధాలు ఆయనే సామల్పట్టి స్టేషనులో మూటలు ఎక్కిస్తూ మాట్లాడుకుని వచ్చేవాడు. ఏ పండక్కి ఏ రంగు చీర కట్టాలో కూడా ఆయనే తెచ్చేవాడు.

అక్క మొదటిసారి ఓటు వేసినప్పుడు నేను ఇంకా చిన్నవాణ్ణి. అప్పట్లో ముద్రలూ మీటలూ లేవు. తెర వెనక వరసగా పెట్టెలు పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు అంటించేవారు. చేతికి చీటీ ఇస్తారు, నచ్చిన పెట్టెలో వేసి రావాలి. మామ ఇంటి ఆడవాళ్ళందరికీ ఫలానా పెట్టె అని చెప్పి బండి కట్టించాడు. బండి కదిలేముందు నన్ను పక్కకు పిలిచాడు.

"రేయ్, మీ అక్క కొంగు పట్టుకుని నువ్వూ లోపలికి పో. యే పెట్టెలో ఏసిందో చూసి వచ్చి నాకు చెప్పు. నిప్పట్టు ఇప్పిస్తా."

కరకరలాడే ఆ కారపు నిప్పట్టుకు నేను ఏ పెట్టెనయినా చూడ్డానికి సిద్ధం. చిన్నపిల్లవాడు కదా అని ఎవరూ అడ్డుకోలేదు. తెర వెనక్కు పోగానే అక్క నా తల పట్టుకుని తన కడుపుకేసి అదుముకుంది. నాకు కనిపించింది చీర నేత, అంతే. ముక్కు నిండా చింతపండు వాసన. చీటీ పడిన చప్పుడు వినిపించింది.

రాత్రి కంచం ముందు కూర్చుని మామ విచారణ మొదలుపెట్టాడు.

"ఏమే, నేను చెప్పిన పెట్టేనా?"

"ఆడ చీకటిగా ఉండింది మామా. ఒకదాంట్లో ఏసినా."

"ఒకదాంట్లోనా? యేదాంట్లో?"

"నువ్వు చెప్పినదాంట్లో నువ్వు ఏసినావా?"

"ఏసినా."

"అట్లయితే నీ చీటీ నీ పెట్టెలో ఉండాది. నా చీటీ నా పెట్టెలో ఉండాది. ముద్ద సల్లగయితా ఉండాది, తిను."

మామ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. నిప్పట్టు పోయింది.

అప్పటినుంచి ఆమె ఎన్ని ఎన్నికల్లో ఓటు వేసినా, ఒక్కసారి కూడా ఎవరికి వేసిందో ఎవరూ రాబట్టలేకపోయారు. మామ కోప్పడి చూశాడు, బతిమాలి చూశాడు, చివరికి వదిలేశాడు. ఆమె మాట్లాడని మనిషి కాదు. రాజకీయం గురించి మా వీధిలో అంత మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. అందరినీ తిట్టేది, అందరిలో ఒక మంచి గుణం చూపించేది. వీధిలో ఎవరైనా "అవ్వా, ఇంతకీ నీ ఓటు ఎవురికి?" అంటే "పెట్టెకు" అనేది.

మామ పోయాడు. మండిని ఆయన అల్లుళ్ళు అమ్మేశారు. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్మే కాంప్లెక్సు ఉంది. అప్పటికే ఊరు మారిపోతోంది. మేకలు మేసిన చోట్ల ఫ్యాక్టరీల గోడలు లేచాయి. తెల్లవారుజామున బస్సుల్లో యూనిఫారాలు వేసుకున్న పిల్లలు, ఎక్కడెక్కడి భాషలో. అక్క నా ఇంటి తిన్నె మీదికి వచ్చేసింది. ఆ రోజుల్లోనే ఆమె మాటలకు పదును ఎక్కువ.

చలికాలం వస్తే అనపకాయలు. గింజలు ఒలిచి, రాత్రి నానేసి, పొద్దున ఒక్కో గింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు చంగున ఎగురుతుంది. అదే పితికిపప్పు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా తమ తమ గిన్నెలు తెచ్చుకుని అక్క చుట్టూ కూర్చునేవారు. పని చేతులకే గనుక నోళ్ళు ఖాళీ.

ఒక ఏడు మా వార్డును ఆడవాళ్ళకు కేటాయించారు. మా వీధి చివర ఇల్లాలు నిలబడింది. పోస్టరు మీద ఆమె మొగుడి బొమ్మ తలుపంత, ఆమెది తపాలా బిళ్ళంత. ఆయన చేతులు జోడించుకుని మా తిన్నె దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, మా ఇంటామె నిలబడతా ఉండాది. నువ్వు చూసుకోవాల."

"యాడ నిలబడతా ఉండాదప్పా? నాకు నువ్వే కనపడతా ఉండావు."

"ఇంట్లో పని మీద ఉండాదవ్వా."

"పని ఐనాక రమ్మను. నేను ఈడే ఉంటాను. ఇంతకీ ఓటు ఆయమ్మకా, నీకా?"

"ఇద్దరమూ ఒకటే కదవ్వా."

"ఒకటే అయితే ఆయమ్మను ఊరు తిరగమని పంపి, నువ్వు ఈడ కూచుని అనపగింజలు పితుకు."

ఆడవాళ్ళు గిన్నెలు పక్కన పెట్టి నవ్వారు. ఆయన కూడా నవ్వేసి, పంచె సర్దుకుని కూర్చుని నాలుగు గింజలు పితికాడు. నాలుగూ ఎగిరి కాలవలో పడ్డాయి. "చూసినారా, ఈయప్ప ఈ పనికే పనికిరాడు, మునిసిపాలిటీని ఏం చేస్తాడు?" అంది అక్క. ఆయన భార్య గెలిచింది. ఐదేళ్ళూ ఆమె కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. అక్క ఆ ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగి, లోపల ఉన్న ఆమెను పేరు పెట్టి పిలిచి, "మెంబరమ్మా, మా వీధి కొళాయిలో నీళ్ళు రాలేదు" అని ఆమెకే చెప్పి వచ్చేది. మొగుడు ఎదురుగానే ఉంటాడు. అతనితో చెప్పదు.

చీరలు పంచినప్పుడు నేను వద్దన్నాను. ఓటుకు లంచం అన్నాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఇచ్చింది తీసుకోరా. యాడిది? మన పన్నే కదా. చీర ఇచ్చినోడికి ఓటు ఇయ్యాలంటే, బజారులో చీరలంగడి ఆయప్ప నలభై ఏండ్లుగా అప్పు మీద ఇస్తా ఉండాడు, ఆయప్పను ప్రధానమంత్రిని చెయ్యాల."

రాష్ట్రాల సంగతి వస్తే మాత్రం ఆమె నవ్వేది కాదు. "మద్రాసోళ్ళకు మనం కడగొట్టు ఊరు. బెంగుళూరోళ్ళకు మనం కూరగాయల ఊరు. హైదరాబాదోళ్ళకు మనం ఉండామనే తెలీదు. ఓటుకు మాత్రం అందరికీ మన ఇల్లు తెలుస్తాది." మా మనవడు, అంటే ఆమె పెద్దకూతురి కొడుకు, తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవలేడు. బడిలో తెలుగు పంతులు లేడు. ఆ పత్రిక కాగితాల పద్ధతిలోనే వాడికీ నేర్పాలని అక్క చూసింది. వాడు పాలిథీను సంచుల కాలంవాడు. కాగితమే దొరకలేదు.

వాడి గురించి అన్యాయంగా రాయను. మత్తిగిరి దగ్గర అద్దె ఇంట్లో ఉంటూ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆదివారం బండి మీద వచ్చి అవ్వకు మందులు తెచ్చేవాడు, కాళ్ళు పట్టేవాడు, ఆమె గోళ్ళు కూడా వాడే తీసేవాడు. నా కొడుకులు నాకు చేయనిది వాడు ఆమెకు చేశాడు. అందుకే నాకు మండింది.

అక్క చూపు మెల్లమెల్లగా పోయింది. కంటి నరం ఎండిపోతోంది, రాదు అన్నారు డాక్టరు. ఆ తరవాత కూడా గింజలు పితికేది, చింతపండు ఈనెలు తీసేది. చేతులకు అలవాటు. ఓటు ఒక్కటే ఎలాగో తెలియలేదు. అంతకుముందు కాగితం మీద ముద్ర, అదీ పోయి ఇప్పుడు మీటల పెట్టె వచ్చింది. చూపు లేనివాళ్ళు ఒకరిని తోడు తీసుకుపోవచ్చునని చెప్పారు. తోడు వచ్చినవాడు రహస్యం బయటపెట్టనని సంతకం చేయాలి.

ఆమె చేసిన ఉపాయం వింటే మీకు ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది. పెట్టె మీద గుర్తులు ఏ వరసలో ఉంటాయో బయట గోడకు అంటిస్తారు కదా. ఆ వరస నన్ను చదివి రమ్మంది.

"పైనుంచి కడదాకా చెప్పు. మధ్యలో వ్యాఖ్యానం వద్దు."

చెప్పాను. రెండోసారి చెప్పమంది. చెప్పాను.

"ఆ గుర్తు కాడికి వస్తానే నీ గొంతు ఎందుకు పైకి లేస్తాది రా? ఇంకోసారి చెప్పు, గొంతు దించుకుని."

నాతో ఆగలేదు. పాలు పోసే ఆమెతో చెప్పించుకుంది, పక్కింటి కోడలితో చెప్పించుకుంది. అందరిచేతా మొత్తం వరసే. ఏ ఒక్క గుర్తు గురించీ విడిగా అడగలేదు. అడిగితే పట్టేస్తామని. వారం రోజులు చింతపండు ముందు పెట్టుకుని ఆ వరసనే గొణుక్కుంది.

"నేను తోడు వస్తా అక్కా" అన్నాను.

"నువ్వొద్దు. నువ్వు గమ్మున నిలబడినా నాకు వినపడతాది, నువ్వు ఏమి కోరుకుంటా ఉండావో. వాడైతే రాజకీయం తెలీనోడు. వాడు రానీ."

మనవడికి నా ముందే చెప్పింది. "నా వేలు పట్టుకుని అన్నిటికన్నా పై మీట మీద పెట్టు. పెట్టి మొహం తిప్పుకో. ఆడినుంచి కిందికి నేనే తడుముకుంటా పోతాను. తెలిసిందా?"

"తెలిసిందవ్వా. ఇదేమన్నా రాకెట్టా?" అన్నాడు వాడు, నవ్వుతూ.

ఆ పొద్దు ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుంది, నుదుట విభూతి పెట్టుకుంది. నేను ముందే ఓటు వేసి వచ్చి గుమ్మం బయట నీడలో నిలబడ్డాను. అట్టపెట్టె చాటున వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి. ఎంతో సేపు పట్టలేదు. నాకు అప్పుడే ఏదోలా అనిపించింది. తడుముకుంటూ పోవాలంటే సేపు పట్టాలి కదా. కుయ్యిమని చప్పుడు వచ్చాక కూడా అక్క అక్కడే ఉంది. చెయ్యి ఆ పెట్టె మీద కదులుతోంది. ఆ తరవాత మనవడు ఆమె భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. గుమ్మం దిగగానే వాడు ఆటో తెస్తానని పోయాడు.

"రేయ్, యాడుండావు?" అంది నన్ను.

"ఈడే అక్కా."

"వాడు పై మీట మీద పెట్టలేదురా. పెట్టంగానే నొక్కేసినాడు. అయినాక పైకి తడిమి చూసినా. నా వేలి పైన ఇంకా మీటలు ఉండాయి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. దారి తప్పిన మనిషి దారి అడుగుతున్నట్టు చెప్పింది. నేను లోపలికి పోయాను. పెద్ద అధికారి బయటి ఊరి మనిషి, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. అతని తమిళాన్ని తెలుగులో రాస్తున్నాను.

"ఏమైంది పెద్దాయనా?"

"మా అక్క ఓటు ఆమె వేయలేదు. తోడు వచ్చినవాడు వేశాడు."

"ఆమె చెప్పినదానికి కాకుండా వేరేదానికి వేశాడా? ఆమె దేనికి చెప్పింది?"

"దేనికీ చెప్పలేదు. ఆమె వేసుకుంటానంది."

"దేనికి వేయాలనుకుందో మీకు తెలుసా?"

"తెలియదు. మీరు కూడా అడగకూడదు."

"నేను అడగడంలేదు. ఆమె అనుకున్నదానికే పడిందేమో కదా? అప్పుడు తప్పు ఎక్కడుంది? వేలు కూడా ఆమెదే."

వరసలో జనం విసుక్కున్నారు. "పోనీ తాతా, ఒక ఓటే కదా, ఎండ పేలుస్తా ఉండాది" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఏజెంట్లలో ఒక్కడు కూడా నోరు మెదపలేదు. మామూలుగా ఒక చిన్న తప్పు దొరికితే బల్ల గుద్దేవాళ్ళు. ఆ ఓటు ఎవరికి పడిందో వాళ్ళకు తెలియదు. తమకే పడి ఉండవచ్చునని ప్రతివాడికీ ఆశ. వయసులో ఉన్నవాణ్ణయితే ఆ బల్ల తిరగేసి ఉందును.

ఆ సాయంత్రమే మనవణ్ణి నిలదీశాను. వాడు మొదట దబాయించాడు. "లైన్లో జనం అరస్తా ఉంటే అవ్వ తడుముకుంటా నిలబడితే ఎట్ల తాతా?" అన్నాడు. నేను వదల్లేదు. అప్పుడు తల వంచుకుని చెప్పాడు.

"మా ఏరియాలో కట్చి లీడరు నన్ను పర్మనెంటు చేయించేదానికి మాట్లాడతానన్నాడు. ఇంటి ఓట్లన్నీ మావేనా అని అడిగినాడు. నేను సరే అనేసినాను. అవ్వ నాకోసం ఇది చెయ్యదా తాతా? నాకోసం ప్రాణం అడిగినా ఇస్తాది."

"అడిగినావా?"

వాడు బండి తాళం వేలికి తిప్పుకుంటున్నాడు.

"అడిగినావా రా?"

అడగలేదు. అడగడం వాడికి తోచలేదు. వాడి తాత మా మామకూ తోచలేదు, మండి అమ్మేసిన వాడి నాన్నకూ తోచలేదు. ఇంత ప్రేమ ఉన్నవాడికి ఎందుకు తోచదో నాకు ఇప్పటికీ అర్థంకాదు. వాడి ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఆ ఏడే కాంట్రాక్టరు మారిపోయి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

అక్క వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆదివారం వస్తే ఎప్పటిలాగే కాళ్ళు పట్టించుకుంది, ముద్ద పెట్టించింది. కాని తిన్నె మీద మాటలు ఆగిపోయాయి. టీవీలో వార్తలు వస్తుంటే "ఆపరా, చెవి నొస్తాది" అనేది. చలికాలం ఆడవాళ్ళు గిన్నెలు తెచ్చుకుని వచ్చారు. ఎవరో కొత్త ప్రభుత్వం సంగతి ఎత్తారు. అక్క వింటున్నట్టే తల ఊపి, "ఈ సారి గింజలు లేతగా ఉండాయి" అంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పప్పు పితికి త్వరగా లేచిపోయారు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. నాకు న్యాయం కావలసింది అందుకే. ఎవడో పెద్ద మనిషి కుర్చీలోంచి లేచి, 'అమ్మా, నీకు జరిగింది తప్పే' అంటే, ఆమె నోరు మళ్ళీ తెరుచుకుంటుందని నా నమ్మకం.

అర్జీల మీద అర్జీలు పెట్టాను. చివరికి కృష్ణగిరిలో ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మామిడికాయల కాలం, దారిపొడుగునా లారీలు, రసం ఫ్యాక్టరీల తీపి కంపు. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడు, నాకు కుర్చీ వేసి టీ తెప్పించాడు. అంతా విని నెమ్మదిగా అన్నాడు. "ఆమెనే ఒక మాట చెప్పమనండయ్యా. నేను అనుకున్న గుర్తు ఇది, పడింది దానికి కాదు అని. ఆ ఒక్క మాట లేకపోతే ఎవరిమీద ఏం విచారించమంటారు?"

తిరుగు బస్సులో నాకు మొదటిసారి ఆశ కలిగింది. ఒక్క మాటే కదా. అప్పటినుంచి సాయంత్రమైతే ఆమె పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టాను. గుర్తు చెప్పొద్దు, నీదానికి పడిందో లేదో అదైనా చెప్పు అన్నాను. ఔననో కాదనో తల ఊపు చాలన్నాను. ఆమె కిటికీ వెయ్యమనేది, దుమ్ము వస్తోందని. కోడలు పాలు కాచిందా అని అడిగేది. కొన్నాళ్ళకు నేను పక్కన కూర్చోగానే ఆమె భుజాలు బిగుసుకునేవి. అది నాకు కనిపించింది, అయినా మానలేదు. న్యాయం పక్షాన ఉన్నవాడికి మానడం తెలియదు.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఆ మర్యాదస్థుడు లేడు, బదిలీ అయిపోయాడు. నా అర్జీకి కాగితం మీద జవాబు ఎవరూ ఇవ్వలేదు, ఇక ఇవ్వరు. నాకు వచ్చిన జవాబు ఒక్కటే. అది అక్క ఇచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ కొత్త చింతపండు వచ్చింది, ఇంటి మట్టుకు ఒక బుట్ట. ఆమె చాప మీద కూర్చుని పిక్కలు తీస్తోంది. నేను ఎప్పటిలాగే అడిగాను. ఆమె చేతులకు అంటిన చింతపండు బుట్ట అంచుకు తుడుచుకుని, నా గొంతు ఎటునుంచి వచ్చిందో పట్టుకుని అటు తిరిగి చెప్పింది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"వానికి దొరికింది నా వేలొక్కటేరా. నేను లోపల అనుకున్నది వానికీ దొరకలేదు, ఆ పెట్టెకూ దొరకలేదు. నువ్వు న్యాయం న్యాయమని ఇప్పుడు దాన్నే అడుగుతా ఉండావు. అది చెప్పేస్తే ఇంక నా కాడ ఏముంటాది? అదొక్కటీ నన్ను పెట్టుకోనీ నాయినా."